ఏడో నంబరు

నిలబడటం దీనికి రాదు.
పుట్టిన దగ్గర్నుంచీ తేలడమే నేర్పాం.

యార్డులో మూడు ఇనుప స్తంభాలు,
ఒక్కొక్కటీ మా పేట మంచినీళ్ల ట్యాంకుకి నాలుగింతలు.
లోపలికి దిగి వెల్డింగు చేసే సన్యాసమ్మ
మధ్యాహ్నం పైకొస్తే ముందు క్యారియర్ విప్పేది కాదు,
నోరు తెరిచి గాలి తాగేది.
"ఈ డొల్లలో ఊపిరాడక సత్తన్నాం,
గాలి కోసం కడతన్నామంట!" అని నవ్వేది.
ఆ నవ్వు ఇప్పటికీ రెండో స్తంభంలో
ఏ అతుకు కిందో ఉండే ఉంటుంది.

ఫిబ్రవరిలో, సముద్రం నూనెలా పడుకున్న నాలుగు రోజులు చూసి
మూడు టగ్గులు కట్టి లాక్కెళ్లాం.
హార్బరు గోడ మీద ఎవరో కొబ్బరికాయ కొట్టారు.
ఒక చెక్క నీళ్లలో పడి
యారాడ కొండ మలుపు దాకా మాకన్నా ముందే నడిచింది.

మా సముద్రానికి అరుగు చిన్నది,
దిగితే నుయ్యే.
ఎనిమిది వందల మీటర్ల నీటి మీద
దీన్ని మూడు గొలుసులకి కట్టాం,
ఒక్కో లంకె ఒక దున్నపోతు బరువు.
బిగిస్తే తెంచుకుంటుంది,
వదిలేస్తే వెళ్లిపోతుంది.
ఎంత వదులో లెక్క చూసినందుకే
నాకు జీతం.

రాత్రి డ్యూటీ, భీమిలి రోడ్డులో ఒక గది.
తెర మీద ఇరవై రెండు చుక్కలు.
గాలి తోస్తే ఏడో నంబరు ఆరు డిగ్రీలు వొరుగుతుంది.
ఒక స్తంభంలోని ఉప్పునీళ్లు ఇంకోదానికి తోడతాను,
ఒక్క వేలితో,
ఈ చంకలో బిందె ఆ చంకకి మార్చుకున్నట్టు.

చోడిపిల్లి పైడన్న నాకు బాబాయి వరస.
ఒకనాడు చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు.
"ఏదీ, నా సోటెక్కడో సూపించు."
ఆకాశం తేటగా ఉన్న పొద్దు
యారాడ కొండ నెత్తి ఒక చూపు,
సింహాచలం కొండ భుజం ఒక చూపు,
రెండూ కలిసిన నీటి మీద గేలం వేసేవాడు,
నలభై ఏళ్లు, కాయితం ముక్క లేకుండా.
నా వేలు తిరిగి తిరిగి
ఏడో నంబరు మీద ఆగింది.

"పోనీ, గుర్తుకైనా పనికొస్తుంది కదా" అన్నాను.
"కొండ కదల్దమ్మా. ఇది కదుల్తాది.
కదిలీదాన్ని నమ్ముకుని ఇంటికెలా వత్తాం?"
నిజమే. గొలుసు వదులులో అది తిరుగుతూనే ఉంటుంది,
కట్టేసిన ఆవు మేసినంత మేర.

కింద చేపలున్నాయా అని అడిగాడు.
కెమెరా తిప్పాను.
నాచు పట్టిన ఇనుము పక్కన సూరలు,
వందలు, అన్నీ ఒకే వైపు తిరిగి.
తెరని తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
"మా తాత తాటాకులు కట్టి తేలేసీవోడు,
నీడకి సేప వొచ్చీది.
మీరూ అదే సేసినారు, ఇనపతాటాకు.
కాపోతే మా తాత
ఆ నీడలోనే గేలం ఏసీవోడు."

ఐదు వందల మీటర్ల లోపలికి పడవ రాకూడదన్న నోటీసు
నా సంతకంతోనే పేటకి వెళ్లింది.
టీ ఇచ్చాను. తాగాడు.
గ్లాసు తనే కడిగి బోర్లించాడు.

కార్తీకంలో తుఫాను.
రెక్కల అంచుల్ని గాలికి ఎదురు తిప్పి
ఏం పట్టుకోకుండా ఉండమన్నాం.
ఊళ్లో కరెంటు పోయింది. మా గదికి జనరేటరు.
పదకొండో నంబరు గొలుసు ఎరుపులోకి వెళ్లి
పది నిమిషాలు అక్కడే నిలిచింది,
నేను కుర్చీలో కూర్చోలేదు.

తెల్లారి లెక్కపెట్టాను: ఇరవై రెండు.
ఏడు ఉంది, ముప్పై ఒక్క మీటర్లు తూర్పుకి.
పైడన్నకి ఫోను చేశాను, ఎందుకో తెలీదు.
"నిలబడ్డాదా?"
"నిలబడలేదు బాబాయ్. తేలింది."
అటు మాట లేదు.
పడవలోంచి డబ్బాతో నీళ్లు తోడిపోస్తున్న చప్పుడు,
ఆగి, మళ్లీ.
ఇటు నా వేలు పంపు మీదే ఉంది.